బెరెట్టా 92ఎఫ్ఎస్ ప్రాజెక్టు డైరీ: మొదటి తూటా ట్రిగ్గర్ బరువు తగ్గించడం

నవంబరు: పిస్తోలు, లక్ష్యం, లెక్క

ఈ ప్రాజెక్టుకు తీసుకున్నది ఇటలీలో తయారైన బెరెట్టా 92ఎఫ్ఎస్. 9×19 తూటా, 125 మిల్లీమీటర్ల బారెల్, 15 తూటాల మ్యాగజైన్. 1985లో అమెరికా సైన్యం ఎం9 పేరుతో తీసుకున్న పిస్తోలుకు ఇది సొంత అన్న. 2017లో సిగ్ ఎం17ను ఎంచుకునే దాకా సైన్యంలో అదే నడిచింది. పోలీసు శాఖల నుంచి బయటికొచ్చిన పాత 92లు, వాటి విడిభాగాలు ఇక్కడ టెక్సస్‌లో తేలిగ్గా దొరుకుతాయి.

లక్ష్యం ఒకటే: దీన్ని యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు నడిపే సంఘం) క్లబ్ మ్యాచ్‌ల్లో ప్రొడక్షన్ డివిజన్‌కు సిద్ధం చేయడం. ఆ డివిజన్‌లో స్టార్ట్ బీప్ వినిపించే సమయానికి హ్యామర్ (వెనక ఉండి, పడినప్పుడు తూటాను పేల్చే భాగం) పూర్తిగా కిందికి దిగి ఉండాలి. అంటే ప్రతి స్టేజిలో (మ్యాచ్‌లోని ఒక్కో అంచెలో) మొదటి తూటా డబుల్ యాక్షన్‌లో పోతుంది: పొడుగైన, బరువైన లాగుడు. రెండో తూటా నుంచి స్లైడే హ్యామర్‌ను ఎత్తి పెడుతుంది కాబట్టి సింగిల్ యాక్షన్: కురచ, తేలిక. ఒకే పిస్తోలులో రెండు ట్రిగ్గర్లు ఉన్నట్టు. మార్పులన్నీ ఆ మొదటి తూటా కోసమే.

ఎంత తేడా వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి, లేకపోతే అనవసరమైన భాగాలకు డబ్బు పోతుంది. ప్రాక్టికల్ షూటింగ్‌లో వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే వచ్చేది హిట్ ఫ్యాక్టర్. ప్రొడక్షన్ డివిజన్‌లో తూటాలన్నీ మైనర్ (తక్కువ శక్తి తరగతి) కింద లెక్క: టార్గెట్ మధ్యలోని ఏ జోన్‌కు 5, దాని బయటి సీకి 3, ఇంకా బయటి డీకి 1. షూటింగ్ శిక్షకుడు జెఫ్ కూపర్ పేరు మీద ప్రసిద్ధమైన ఎల్ ప్రెసిడెంటే డ్రిల్ తీసుకోండి. 10 గజాల దూరంలో మూడు టార్గెట్లు, ఒక్కోదానికి రెండు, రీలోడ్, మళ్ళీ ఒక్కోదానికి రెండు; మొత్తం 12 తూటాలు, 60 పాయింట్లు. 7 సెకన్లలో అన్నీ ఏ పడితే 8.57. అదే 7 సెకన్లలో మొదటి తూటా సీలో పడితే 58 బై 7, అంటే 8.29. అన్నీ ఏ కొట్టి 7.24 సెకన్లు తీసుకున్నా అంతే వస్తుంది. సీ ఖరీదు పావు సెకను. డీ పడితే 8.0, ఖరీదు అర సెకను. మిస్ అయితే ఆ 5 పోవడమే కాదు, ఇంకో 10 కోత. 45 బై 7, అంటే 6.43. ఖరీదు రెండు సెకన్ల పైచిలుకు.

హ్యామర్ పడినా ప్రైమర్ (తూటా అడుగున ఉండి దెబ్బకు నిప్పు పుట్టించే భాగం) పేలకపోతే? స్లైడ్ లాగి ఆ తూటాను బయటికి తోసి, మళ్ళీ గురి చూసుకునేసరికి దాదాపు మిస్ అంత ఖరీదు అవుతుంది. ట్రిగ్గర్ తేలికైతే మొదటి తూటా సీ నుంచి ఏకు వస్తుంది, పావు సెకను మిగులుతుంది. ఆ తేలికదనం వల్ల ఒక్క ప్రైమర్ పేలకపోయినా అలాంటి ఎనిమిది మొదటి తూటాల లాభం ఒక్కసారే పోతుంది. ఇక్కడి నుంచి ప్రతి నిర్ణయం ఈ లెక్క మీదే.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. అమెరికాలో హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. స్నేహితుడి తుపాకీతో రేంజిలో కాల్చినా ఇదే నిబంధన. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు, పౌరులకు ఈ నిషేధం లేదు. వీసా మీద ఉన్నవాళ్ళు రేంజికి వెళ్ళే ముందు లాయర్‌ను అడగండి. ఇది ఇమిగ్రేషన్ ఫైలు దాకా వెళ్ళే విషయం. భారతదేశంలో అయితే 9×19 నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు నిషేధించిన తూటా కొలత. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ మార్చడానికే కాదు, మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. కాబట్టి కింద రాసిన పని హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటి బల్ల మీద చేసేది కాదు.

డిసెంబరు: బేస్‌లైన్

ఏ స్ప్రింగూ మార్చకముందు ఉన్నది ఉన్నట్టు కొలవాలి. పని బల్ల ఉన్న గదిలోకి తూటాలు రాకూడదు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి చూశాకే పని.

లైమన్ డిజిటల్ గేజ్‌తో పదేసి లాగుళ్ళ సగటు: డబుల్ యాక్షన్ 11 పౌండ్ల 10 ఔన్సులు, సింగిల్ యాక్షన్ 5 పౌండ్ల 2 ఔన్సులు. గేజ్ కొక్కెం ప్రతిసారీ ట్రిగ్గర్ మీద ఒకే చోట పెట్టాలి. మధ్యలో పెడితే ఒక అంకె, కొన దగ్గర పెడితే ఇంకో అంకె వస్తుంది. కొన దగ్గర లివరేజ్ ఎక్కువ కాబట్టి బరువు తక్కువ చూపిస్తుంది. స్ప్రింగ్ మార్చాక తగ్గిందని సంబరపడేది చాలాసార్లు కొక్కెం జారిన తేడానే.

పాత పిస్తోలులో ముందు చూడాల్సినవి ఇవి. లాకింగ్ బ్లాక్ (పేలేటప్పుడు బారెల్‌ను స్లైడ్‌కు బిగించి ఉంచే భాగం) తీసి, దాని రెండు చెవుల మొదట్లో పగుళ్ళున్నాయేమో మంచి వెలుతురులో భూతద్దంతో చూడాలి. 92లో ముందు విరిగేది ఇదే. విరిగితే స్లైడ్ బిగుసుకుపోయి మ్యాచ్ అక్కడితో ఆగిపోతుంది. పాత రకం బ్లాక్ ఉంటే అనుమానం పెట్టుకోకుండా కొత్త మూడో తరం బ్లాక్ వేసేయండి. ఆ చెవుల మూలలను గుండ్రంగా మలచడం వల్ల ఒత్తిడి ఒక్క చోటే పడదు. స్లైడ్ పట్టాల మీద రాపిడి గుర్తులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా, ఎక్స్‌ట్రాక్టర్ గోరు పదునుగా ఉందా, ఫైరింగ్ పిన్ కొన గుండ్రంగా ఉందా కూడా చూడాలి.

రీకాయిల్ స్ప్రింగ్, ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్ ఎన్ని తూటాలు చూశాయో తెలియని పిస్తోలుకు రెండూ కొత్తవే వేయాలి. కొత్త పరీక్షను పాత స్ప్రింగుతో మొదలుపెడితే తర్వాత వచ్చే సమస్య మార్పు వల్ల వచ్చిందా, అరుగుదల వల్ల వచ్చిందా తేల్చలేం.

ప్రతి మార్పుకూ ఒకే పరీక్ష: అదే బ్రాండు తూటాలు 200, అందులో 50 డబుల్ యాక్షన్‌లో. ఒక దఫాలో ఒకే మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే 200 తూటాలు కాల్చినా ఏమీ తెలియదు.

జనవరి: హ్యామర్ స్ప్రింగ్

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యేది ఇదే. 92ఎఫ్ఎస్‌లో వచ్చే హ్యామర్ స్ప్రింగ్ దాదాపు 20 పౌండ్లది. బెరెట్టా వాళ్ళే డబుల్ యాక్షన్ మాత్రమే ఉన్న 92డీ మోడల్‌కు 16 పౌండ్ల స్ప్రింగ్ వేశారు. షూటర్లు దాన్నే డీ స్ప్రింగ్ అంటారు. కంపెనీ సొంత భాగం కాబట్టి మొదటి మార్పుగా ఇదే సరైనది.

పని క్రమం ఇదీ. రెండు గ్రిప్ పలకలూ విప్పాలి. కుడి పలక తీసేటప్పుడు జాగ్రత్త: ట్రిగ్గర్ బార్ స్ప్రింగును దాని చోటులో పట్టి ఉంచేది ఆ పలకే. పలక పైకి లేవగానే స్ప్రింగ్ ఎగిరి గది మూలకు పోతుంది. బొటనవేలితో అదిమి పట్టి తీయండి. స్క్రూల కింది వాషర్లు ఏ స్క్రూవి ఆ స్క్రూకే పెట్టుకోవాలి.

తర్వాత హ్యామర్ కింద ఉన్న స్థితిలో, పిడి అడుగున ఉండే హ్యామర్ స్ప్రింగ్ టోపీని బల్ల అంచుకు ఆనించి లోపలికి నొక్కి, దాన్ని పట్టుకున్న పిన్నును సన్నటి పంచ్‌తో బయటికి తోయాలి. ఒత్తిడిని మెల్లగా వదులుతూ స్ప్రింగ్ బయటికి తీసుకోవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. కొత్తది బిగించేటప్పుడు స్ట్రట్ (హ్యామర్ నుంచి స్ప్రింగ్ లోపలికి దిగే కడ్డీ) కింది కొన టోపీ గుంటలో నేరుగా కూర్చోవాలి. పక్కకు ఒరిగితే స్ప్రింగ్ పిడి గోడకు రాసుకుంటుంది, ట్రిగ్గర్ మధ్యలో ఇసుక నలిగినట్టు తగులుతుంది. చాలామంది పాలిష్ చేయాలనుకునే ఆ గరుకుదనానికి అసలు కారణం చాలాసార్లు ఈ ఒరిగిన స్ట్రటే.

ఫలితం: డబుల్ యాక్షన్ 9 పౌండ్ల 4 ఔన్సులు, సింగిల్ 4 పౌండ్ల 10 ఔన్సులు. దొరికిన అన్ని బ్రాండ్ల తూటాలూ పేలాయి. ఏ తూటా దొరికితే అది కాల్చేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆగిపోవడమే మంచిది.

జనవరి చివర: రాపిడి

బరువు వేరు, రాపిడి వేరు. 9 పౌండ్లు నునుపుగా జారితే చెయ్యి కదలదు. 8 పౌండ్లు గరుకుగా వస్తే ముందు సైట్ ఎగిరిపడుతుంది. అందుకే స్ప్రింగ్ తర్వాత రాపిడి పని.

పాలిష్ చేసినవి: ట్రిగ్గర్ బార్ ఫ్రేమ్‌కు రాసుకునే ముఖం, అది హ్యామర్‌ను పట్టి లాగే కొక్కెం పై అంచు, హ్యామర్ మీద ఆ కొక్కెం తగిలే చోటు, హ్యామర్ స్ట్రట్ పక్కలు. 1000 గ్రిట్ కాగితం, తర్వాత 2000, చివర మెటల్ పాలిష్ పేస్టు. కాగితాన్ని చదునైన ఉక్కు ముక్కకు చుట్టి రుద్దాలి. వేలితో రుద్దితే అంచులు గుండ్రమైపోతాయి. మిషన్ గీతలు మెరుపులో కలిసిపోతే చాలు, లోహం కొలత మారకూడదు.

ముట్టుకోనివి: హ్యామర్ నోచ్ (గాడి), ఆ గాడిని పట్టి హ్యామర్‌ను పైన ఆపే సియర్ అంచు, ఫైరింగ్ పిన్ బ్లాక్, దాన్ని ఎత్తే లివర్. హ్యామర్, సియర్ కలిసే ముఖాల మీద పైపొర గట్టిదనం చాలా పలుచగా ఉంటుంది. అది తెగితే వెంటనే ఏమీ కాకపోవచ్చు, కొన్ని వందల తూటాల తర్వాత ఒక లాగుడుకు రెండు తూటాలు పేలవచ్చు. ఆ ముఖాల కోణం మార్చే పని జిగ్ ఉన్న గన్‌స్మిత్‌ది. ఫైరింగ్ పిన్ బ్లాక్ తీసేస్తే ట్రిగ్గర్ ఇంకా మెత్తబడుతుందని చెప్పేవాళ్ళుంటారు. పిస్తోలు కింద పడినప్పుడు పేలకుండా ఆపే భాగం అది. దాన్ని తీసిన పిస్తోలు పక్కన నిలబడ్డానికి ఎవరూ ఒప్పుకోకూడదు.

బిగించాక తూటాలు లేకుండా చేసిన పరీక్షలు:

స్లైడ్ వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కి పట్టి, స్లైడ్ వదిలితే హ్యామర్ పైనే నిలవాలి. ట్రిగ్గర్ వదిలితే రీసెట్ క్లిక్ వినిపించాలి. ఎత్తిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు ఓ మోస్తరుగా తోస్తే పడకూడదు. బారెల్‌లోకి పెన్సిల్ వేసి, రబ్బరు వైపు ఫైరింగ్ పిన్‌కు తగిలేలా పెట్టి ట్రిగ్గర్ లాగితే పెన్సిల్ ఎగరాలి. అదే పెన్సిల్ లోపల ఉండగా డీకాకింగ్ లివర్ నొక్కి హ్యామర్ దింపితే కదలకూడదు. ఇందులో ఒక్కటి తప్పినా పిస్తోలు రేంజికి పోదు.

రేంజిలో మొదటి మ్యాగజైన్లలో రెండేసి తూటాలే. ఒకవేళ ఒక లాగుడుకు రెండు పేలినా అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాతే నిండా నింపాలి.

ఫలితం: డబుల్ 8 పౌండ్ల 6 ఔన్సులు. అంకెలో తగ్గింది ఒక పౌండు లోపే. లాగుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే ధోరణిలో రావడమే అసలు లాభం.

ఫిబ్రవరి: ఎక్కడ ఆగాలి

ఇప్పుడు ఉల్ఫ్ కంపెనీ స్ప్రింగులతో ఒక్కో పౌండు దిగుతూ పరీక్ష. 15 పౌండ్ల స్ప్రింగుతో మార్పు పెద్దగా తెలియలేదు. 14తో డబుల్ యాక్షన్ 7 పౌండ్ల 4 ఔన్సులకు వచ్చింది. 13తో 6 పౌండ్ల 11 ఔన్సులు, సింగిల్ 4 లోపు.

13 చేతికి చాలా ఇష్టంగా ఉంటుంది. కానీ ప్రైమర్ల దగ్గర కథ మారుతుంది. పిస్తోలు ప్రైమర్లలో ఫెడరల్ మెత్తన, వించెస్టర్ మధ్యస్తం, సీసీఐ గట్టిది. కొన్ని యూరప్ తూటాలు, సైనిక తూటాలు ఇంకా గట్టివి. 13 పౌండ్ల స్ప్రింగుతో ఫెడరల్ అన్నీ పేలాయి. సీసీఐలో వందకు ఒకటి రెండు మొదటి దెబ్బకు పేలలేదు. సైనిక తూటాల్లో ఇంకా ఎక్కువ. నవంబరు లెక్క ప్రకారం ఈ ఒకటి రెండు చాలు, మిగతా లాభమంతా తుడిచిపెట్టేయడానికి.

పేలని తూటా దొరికినప్పుడు దాన్ని పారేయకుండా చదవాలి. ప్రైమర్ మీద గుంట లోతు తక్కువగా ఉందా? అదే తూటాను మళ్ళీ పెట్టి రెండో దెబ్బ కొట్టండి. రెండో దెబ్బకు పేలితే, చేత్తో లోడ్ చేసిన తూటాల్లో ముందు అనుమానించాల్సింది ప్రైమర్ పూర్తిగా దిగలేదని. మొదటి దెబ్బ శక్తి ప్రైమర్‌ను కిందికి దింపడానికే ఖర్చవుతుంది. ప్రైమర్ కేసు అడుగు కంటే కొంచెం లోపలికి ఉండాలి; వేలు గోరుతో తడిమితే తెలుస్తుంది. గుంట మధ్యలో లేకుండా పక్కకు పడితే లాకింగ్ బ్లాక్, బారెల్ వైపు చూడాలి. గుంట లోతుగానే ఉన్నా పేలకపోతే తప్పు తూటాది, పిస్తోలుది కాదు. ఈ మూడింటినీ విడదీయకుండా స్ప్రింగును తిట్టడం వల్ల ఉపయోగం లేదు.

చలి కూడా లెక్కలోకి వస్తుంది. ఫైరింగ్ పిన్ గొట్టంలో చిక్కటి నూనె ఉంటే చల్లటి ఉదయాన అది పిన్నును నెమ్మదింపజేస్తుంది. ఆ గొట్టం పొడిగా ఉండాలి. అక్కడ నూనె వేయకూడదు.

నిర్ణయం: మ్యాచ్‌కు 14 పౌండ్ల స్ప్రింగ్, ఫెడరల్ ప్రైమర్లు మాత్రమే. బ్యాగులో డీ స్ప్రింగ్ ఒకటి. ఫెడరల్ దొరకని నెలల్లో డీ స్ప్రింగ్ వెనక్కి వెళ్తుంది, దానికి సందేహం అక్కర్లేదు. ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) నిబంధనల కింద ప్రొడక్షన్‌లో కాల్చేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: అక్కడ ట్రిగ్గర్ బరువు మొదటి తూటాకు కనీసం 2.27 కిలోలు, అంటే 5 పౌండ్లు, లేదా ప్రతి తూటాకూ కనీసం 1.36 కిలోలు ఉండాలి. బరువు పరంగా ఈ పిస్తోలు తేలిగ్గా దాటుతుంది. కానీ భాగాల విషయంలో ఐపీఎస్‌సీ చాలా కఠినం. కంపెనీ సొంత భాగాలు కానివి, బర్రులు తీయడం మించిన మార్పులు ఒప్పుకోదు. అక్కడికి వెళ్ళాలనుకుంటే పాలిష్ కాగితం పట్టకముందే ఆ పుస్తకం చదవండి.

ఫిబ్రవరి చివర: లివర్ మార్పు

92ఎఫ్ఎస్‌లో స్లైడ్ మీది లివర్ సేఫ్టీ, డీకాకర్ రెండూ. కిందికి నొక్కితే హ్యామర్ దిగుతుంది, కానీ లివర్ అక్కడే ఉండిపోతుంది. దాన్ని తిరిగి పైకి తోయకపోతే బీప్ తర్వాత లాగిన ట్రిగ్గర్ ఖాళీగా కదులుతుంది. స్లైడ్‌ను పై నుంచి పట్టి లాగినప్పుడు చెయ్యి తగిలి లివర్ కిందికి దిగడం కూడా ఈ డిజైన్‌లో ఎప్పుడూ ఉన్న సమస్యే.

దీనికి బెరెట్టా జీ కన్వర్షన్ కిట్ ఉంది. 92జీ మోడల్‌లో లాగా లివర్ నొక్కితే హ్యామర్ దింపి, వదలగానే స్ప్రింగ్ బలంతో తనంతట తానే పైకి వస్తుంది. సేఫ్టీ స్థితి ఉండదు. ఈ పని హ్యామర్ స్ప్రింగ్ కంటే కష్టం. లివర్ పిన్ను గట్టిగా ఉంటుంది, చిన్న స్ప్రింగులూ ప్లంజర్లూ ఎగురుతాయి. స్లైడ్‌ను పెద్ద ప్లాస్టిక్ సంచి లోపల పెట్టి విప్పితే ఎగిరినవి సంచిలోనే ఉంటాయి. పిన్నుకు సరిపోయే పంచ్ లేకుండా మొదలుపెట్టకండి. సన్నటి పంచ్ పిన్ను మధ్యలో దిగి దాన్ని విప్పారేలా చేస్తుంది. బిగించాక పెన్సిల్ పరీక్ష మళ్ళీ మొదటి నుంచి.

డబ్బు ఒక్కదానికే ఉంటే హ్యామర్ స్ప్రింగ్ తర్వాత దీనికే పెట్టాలి. చెత్త డబుల్ యాక్షన్‌తోనైనా ఒక తూటా పోతుంది. దిగి ఉన్న సేఫ్టీతో ఏదీ పోదు.

మార్చి: సైట్లు, గ్రిప్

92ఎఫ్ఎస్ ముందు సైట్ స్లైడ్‌తో కలిసే తయారవుతుంది. విప్పి మార్చడానికి ఉండదు. మిల్లింగ్ చేయించి డొవ్‌టెయిల్ (సైట్ జారి కూర్చునే గాడి) వేయించవచ్చు, కానీ ఆ ఖర్చుకు తొందర లేదు. ముందు రంగు. ఎసిటోన్‌తో జిడ్డు తీసి, తెల్ల రంగు పలుచగా ఒక పూత, ఆరాక మెరిసే నారింజ రంగు రెండు పూతలు. తెల్ల పూత లేకుండా నారింజ వేస్తే నల్ల లోహం మీద చచ్చుగా కనిపిస్తుంది. వెనక సైట్ మీది తెల్ల చుక్కలను నల్ల మార్కర్‌తో కప్పేయాలి. కంటికి పట్టాల్సింది ముందు సైట్ ఒక్కటే.

వెనక సైట్ డొవ్‌టెయిల్‌లో కూర్చుని ఉంటుంది. గుంపు ఎటు జరగాలో వెనక సైట్‌ను అటే జరపాలి. ఇత్తడి పంచ్, చిన్న దెబ్బలు. 25 గజాల దగ్గర ఆనించి కాల్చి చూడాలి. ఎత్తు మార్చే వీలు లేదు కాబట్టి తూటాతోనే సర్దుకోవాలి. బరువైన, నెమ్మది బుల్లెట్ బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోపు పిస్తోలు కాస్త పైకి లేస్తుంది. అందుకే 147 గ్రెయిన్లది (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) మామూలుగా 115 కంటే పైన పడుతుంది.

గ్రిప్‌కు పలుచటి జీ10 (గ్లాస్ ఫైబర్) పలకలు. 92 పిడి లావు. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ చాలా ముందుకు ఉంటుంది కాబట్టి చిన్న చేతులవాళ్ళకు వేలు మొదటి మెత్త కూడా అందదు. పలుచ పలకలతో ఆ దూరం కొంత తగ్గుతుంది. అప్పటికీ అందకపోతే షార్ట్ రీచ్ ట్రిగ్గర్ ఉంది. స్క్రూలకు నీలం లాక్‌టైట్ చుక్క పెట్టాలి. కుడి పలక స్క్రూ వదులైతే ట్రిగ్గర్ బార్ స్ప్రింగ్ కూడా వదులవుతుంది. అప్పుడు ట్రిగ్గర్ రీసెట్ కాదు, లోపం గ్రిప్ స్క్రూలో ఉందని ఎవరికీ తోచదు.

ఏప్రిల్: తూటా, రీకాయిల్ స్ప్రింగ్

పవర్ ఫ్యాక్టర్ అంటే బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో, రెండూ గుణించి వెయ్యితో భాగించడం. మైనర్‌కు 125 కావాలి. 124 గ్రెయిన్లు 1050 అడుగులు అంటే 130.2. 147 గ్రెయిన్లు 890 అడుగులు అంటే 130.8. గురి 130 నుంచి 132 మధ్య ఉంచుకోవడం మంచిది. 126 దగ్గర పెట్టుకుంటే చల్లటి రోజునో, వేరే క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే యంత్రం) మీదనో 125 కిందికి జారుతుంది. పెద్ద మ్యాచ్‌లో క్రోనో దగ్గర 125 రాకపోతే మొత్తం స్కోరు పోతుంది. మీ బ్యాగులోంచి తూటాలు తీసుకుని, ఒక బుల్లెట్ ఊడదీసి తూకం వేసి, మిగతావి మీ పిస్తోలుతోనే కాలుస్తారు. కాబట్టి మీరు కూడా మీ బారెల్‌తోనే కొలవాలి, పెట్టె మీది అంకెను నమ్మకూడదు. పెట్టె మీది వేగం వేరే పొడవు బారెల్‌ది కావచ్చు.

147 ఎంచుకున్నాం. తన్ను మెత్తగా, నెట్టినట్టు వస్తుంది. ఈ లోడుకు 13 పౌండ్ల రీకాయిల్ స్ప్రింగ్ కొంచెం ఎక్కువ. స్లైడ్ మూసుకునేటప్పుడు ముందు సైట్ గురి కంటే కిందికి ముక్కు దించుతుంది. 12తో సైట్ తిరిగి అదే చోటికి వచ్చింది. 11తో ఇంకా మెత్తగా అనిపించింది, కానీ స్లైడ్ వెనక్కి వెళ్ళి ఫ్రేమ్‌కు కొట్టుకునే దెబ్బ పెరిగింది, ఖాళీ కేసులు మరీ దూరం ఎగిరాయి. ఆ దెబ్బ తినేది లాకింగ్ బ్లాక్. 12 దగ్గరే ఆగాం. ఫ్యాక్టరీ 124 గ్రెయిన్ల వేడి తూటాలు కాల్చేటప్పుడు 13 వెనక్కి వేయాలి.

మే: మ్యాగజైన్లు

15 తూటాల మెక్‌గార్ మ్యాగజైన్లు ఆరు, ప్రతిదానికీ అడుగు పలక మీద నంబరు. ఏ జామ్ ఏ నంబరుతో వచ్చిందో రాసుకోకపోతే పిస్తోలును విప్పుతూ కూర్చుంటారు, తప్పేమో మూడో నంబరు మ్యాగజైన్ పెదవులది. ఇరాక్ యుద్ధ కాలంలో ఎం9 మీద వచ్చిన ఫిర్యాదుల్లో చాలా భాగం పిస్తోలుది కాదు. గరుకు పూత ఉన్న మ్యాగజైన్లలో సన్నటి ఇసుక చేరి ఫాలోయర్ (తూటాలను పైకి తోసే పలక) పైకి రాకపోవడం. మ్యాచ్‌లో కూడా అంతే. రీలోడ్‌లో ప్రతి మ్యాగజైన్ మట్టిలో పడుతుంది. స్టేజి అయ్యాక విప్పి, బ్రష్‌తో తుడిచి, పొడిగానే బిగించాలి. లోపల నూనె వేస్తే మట్టి ముద్ద కడుతుంది.

స్లైడ్ చివరి తూటాకు తెరుచుకుని ఆగకపోతే మ్యాగజైన్ స్ప్రింగ్ చచ్చినట్టు. కొత్తది వేయండి. సాగదీసి మళ్ళీ వాడకండి, రెండు వారాలకు మళ్ళీ అదే స్థితి.

జూన్: ఇప్పుడున్న స్థితి

డబుల్ యాక్షన్ 7 పౌండ్ల 4 ఔన్సులు, సింగిల్ 4 పౌండ్ల 3 ఔన్సులు, ఫెడరల్ ప్రైమర్లతో పేలని తూటా లేదు. 147 గ్రెయిన్ల లోడు 131 దగ్గర నిలబడింది. డ్రై ఫైర్ ఎప్పుడూ డమ్మీ తూటాలతోనే, ఫైరింగ్ పిన్ మీద దెబ్బ పడకుండా. డ్రై ఫైర్‌లో సగం సమయం ఒక్కదానికే వెచ్చించండి: హోల్‌స్టర్ నుంచి తీసి, చేతులు ముందుకు చాపుతూనే డబుల్ యాక్షన్ లాగడం మొదలుపెట్టి, సైట్ టార్గెట్ మీద ఆగేసరికి హ్యామర్ పడేలా. గురి కుదిరాక లాగడం మొదలుపెడితే పొడుగు ట్రిగ్గర్‌కు సమయం రెండింతలు పడుతుంది. అయితే పిస్తోలు మూతి టార్గెట్ వైపు తిరగకముందు వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. హోల్‌స్టర్ దగ్గరే వేలు లోపలికి వెళ్ళే అలవాటు ఉంటే, ఎంత మెత్తటి ట్రిగ్గర్ చేసుకున్నా ఏదో ఒక రోజు పొరపాటున తూటా పేలి మ్యాచ్ నుంచి బయటికి వెళ్ళాల్సి రావచ్చు.

రీకాయిల్ స్ప్రింగ్, ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్ 5,000 తూటాలకు మార్పు. ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్ చెప్పకుండా విరుగుతుంది. విరిగితే ట్రిగ్గర్ వెనకే వేలాడుతుంది, స్టేజి ముగించాలంటే వేలితో ముందుకు తోసి మళ్ళీ లాగాలి. లాకింగ్ బ్లాక్ చెవులు ప్రతి వెయ్యికీ ఒకసారి భూతద్దంతో. బ్యాగులో ఉండాల్సిన విడిభాగాలు: లాకింగ్ బ్లాక్, ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్, ట్రిగ్గర్ బార్ స్ప్రింగ్, రీకాయిల్ స్ప్రింగ్, డీ హ్యామర్ స్ప్రింగ్, గ్రిప్ స్క్రూలు రెండు, పంచ్.

తర్వాతి పరీక్ష షార్ట్ రీచ్ ట్రిగ్గర్ మీద. స్ప్రింగులు మారవు, 200 తూటాలు అవే, 50 డబుల్ యాక్షన్‌లో.